పాఠశాలా గ్రంథాలయము: సండూరు సీమను గూర్చి ఒక విమర్శ

గ్రంథాలయముల గొప్పతనమును గూర్చి మన సభలలో చెప్పనివారు లేరు. గ్రంథాలయము సరస్వతీ మందిరమనియు, విజ్ఞాన భాండారమనియు పలుకుట పరిపాటియైనది. ఈ మాటలలో అసత్యమేమియు లేదు. కాని యీ స్తోత్రపాఠముల నడుమ ఒక చిన్న ప్రశ్న మఱుగుపడిపోవుచున్నది. నిన్న సాయంకాలము బడి విడిచిన పిమ్మట, పాఠ్యపుస్తకము కాని పుస్తకము నొకదానిని సంచిలో పెట్టుకొని యింటికి పోయిన పిల్లలెందఱు? పాఠశాలా గ్రంథాలయమును కొలుచుటకు మాకు తోచిన కొలబద్ద యిది యొక్కటే. రిజిస్టరులోని సంఖ్య గాని, బీరువాల వరుస గాని, గోడమీది దేశనాయకుల పటములు గాని దీనికి సాటిరావు. ఈ కొలబద్దను చేతపట్టుకొని, సండూరు వంటి సరిహద్దు సీమలో పాఠశాలా గ్రంథాలయ మెట్లుండవలెనో, ఏ దోషముచేత అది తఱచు నిష్ఫలమగుచున్నదో విచారించుటకు పూనుకొంటిమి.

ముందుగా సండూరును గూర్చి రెండు మాటలు మనవి చేయవలసి యున్నది. బళ్లారి జిల్లాలో కొండల నడుమ నున్న యీ పట్టణము ఘోర్పడే వంశీయుల యేలుబడిలో నొక చిన్న సంస్థానమునకు ముఖ్యపట్టణముగా నుండెను. 1949లో ఆ సంస్థానము నాటి మద్రాసు రాష్ట్రమున విలీనమయ్యెను. 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్రరాష్ట్ర మవతరించిన నాడే, ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, బళ్లారి జిల్లాలోని తక్కిన తాలూకాలతో పాటు సండూరు మైసూరు రాష్ట్రమున చేరెను. రాష్ట్రముల గీతలు మారినవి గాని యిండ్లలోని పలుకులు మారలేదు. రాజకుటుంబము వారి మరాఠీ, ఊరి కన్నడము, తెలుగువారి తెలుగు, ముసల్మానుల ఉర్దూ, తండాలలోని లంబాడీ, అన్నియు ఈ సీమలో వినవచ్చునవే. ఇనుపరాతి గనులును, మాంగనీసు గనులును పలు తావులనుండి పనివారిని రప్పించినవి. వారితోపాటు వారి పిల్లలును వచ్చిరి. కావున ఇచ్చటి తరగతిలో కూర్చున్న పిల్లవానికి బడిభాష యొకటి, ఇంటిభాష వేఱొకటి యగుట వింత కాదు.

ఈ యూరికి తలుపులు తెఱచిన కీర్తి యొకటి కలదు. 1932లో సంస్థానాధీశులైన యశవంతరావు ఘోర్పడేగారు, అంటరానివారని దూరముంచబడిన ప్రజలకు కుమారస్వామి దేవాలయ ప్రవేశము కల్పించిరి. తిరువాన్కూరులో సుప్రసిద్ధమైన దేవాలయ ప్రవేశ ప్రకటన వెలువడినది 1936లో. ఆ పెద్ద సంస్థానముకంటె ఈ చిన్న సంస్థానము నాలుగేండ్లు ముందు నడచినది. 1934లో గాంధీమహాత్ములు సండూరునకు విచ్చేసిరి. మనుష్యుని స్పర్శవలన దేవుడు మైలపడడని గ్రహించిన నేలమీద, పిల్లవాని స్పర్శవలన పుస్తకము పాడగునని బీరువాకు తాళము వేయుట తగునా? మా విమర్శకు మూలమైన ప్రశ్న యిదియే.

ఈ తాళమునకు చరిత్ర యొకటి యున్నది. తెలుగువారికి గ్రంథాలయోద్యమము క్రొత్తది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగా రా యుద్యమమునకు తమ జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలలో పడవమీద పుస్తకములను నడపించిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనప్పుడు గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనన్న ధర్మమును ఆ పడవ చాటినది. ఇట్టి యుద్యమమును నిందించుటకు నోరు రాదు. అయినను విమర్శకుడు దాచరాని మాట యొకటి యున్నది. ఆ యుద్యమపు దృష్టి ప్రధానముగా పెద్దవారిమీద నిలిచినది. వార్తాపత్రిక కొఱకు, నవల కొఱకు, పురాణము కొఱకు, స్వాతంత్ర్యోద్యమ వార్తల కొఱకు వచ్చు వయోజనుడే దానికి పాఠకుడు. పిల్లవాడు బడికి పోవుచున్నాడు గదా, వాని సంగతి బడి చూచుకొనునని యుద్యమము తలచెను. పుస్తకముల సంగతి గ్రంథాలయము చూచుకొనునని బడి తలచెను. ఇద్దఱు చుట్టముల నడుమ పిల్లవాడు ఆకలితో నిలిచినట్లయినది.

చట్టములును ఈ విభజననే స్థిరపఱచినవి. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును, 1965లో మైసూరు రాష్ట్రమున వచ్చిన చట్టమును పౌర గ్రంథాలయముల కుద్దేశింపబడినవి. పన్నుపై సుంకము వసూలుచేసి ఊరి గ్రంథాలయమును పోషించు ఏర్పాటు వానిలో నున్నది. పాఠశాలలోని బీరువా విద్యాశాఖవారి సొత్తుగానే మిగిలిపోయినది. చివరకు 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలలోను గ్రంథాలయ ముండవలెననియు, అందు వార్తాపత్రికలు, పత్రికలు, అన్ని విషయముల పుస్తకములు, కథల పుస్తకములతో సహా ఉండవలెననియు విధించెను. కథల పుస్తకములను చట్టమే పేరుపెట్టి చెప్పుట గమనింపదగినది. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకము క్రింద, పాఠశాల స్థాయిని బట్టి యేటేట 5,000 మొదలు 20,000 రూపాయల వరకు గ్రంథాలయమునకు ద్రవ్యము కేటాయించు నియమము గలదు. గనులున్న జిల్లాలకు మఱియొక మార్గమును గలదు. 2015లో గనుల చట్టమును సవరించి యేర్పఱచిన జిల్లా ఖనిజ నిధికి విద్య ముఖ్యమైన వినియోగములలో నొకటి. కాగా సండూరు సీమలో ధనము లేదను మాట పూర్తిగా నిలువదు.

మఱి తాళ మెందుకు? ఇచ్చట ఉపాధ్యాయునిపై కోపించుట తేలిక. అది న్యాయము కాదు. పుస్తకములు ఆయన పేర రిజిస్టరులో ఎక్కియుండును. ఆయన బదిలీ యగునపుడు లెక్క యప్పగించవలెను. ఒక పుస్తకము తగ్గినచో సంజాయిషీ చెప్పవలెను. ఒక్కొక్కచోట వెల చెల్లింపవలెను. ఇంటికిచ్చిన పుస్తకము చినుగును, తడియును, పోవును. ఇయ్యని పుస్తకము భద్రముగా నుండును. పుస్తకమును చదివించిన ఉపాధ్యాయునికి శిక్షయు, దాచిన ఉపాధ్యాయునికి శాంతియు లభించు నట్లు ఏర్పాటుండగా, తాళము వేయక యేమి చేయును? దోషము మనిషిలో కంటె లెక్కలో నున్నది.

ఆ లెక్కనే కొంచెము విప్పి చూతము. ఒక చిన్న బడికి ఏటికి 5,000 రూపాయలు వచ్చినవనుకొందము. పిల్లల పుస్తకము సగటున 50 రూపాయలనుకొన్న, నూఱు పుస్తకములు వచ్చును. వానిని స్వేచ్ఛగా ఇంటికిచ్చినందున ఏడాదిలో పది పోయినవనుకొన్నను నష్టము 500 రూపాయలు. ఈ యైదువందల నష్టమునకు వెఱచి, ఐదువేల రూపాయల పుస్తకములను చీకటిలో పెట్టుచున్నాము. పోయిన పది పుస్తకములును వృథాగా పోవు. ఏదో యొక యింటిలో, ఏదో యొక అటకమీద, ఒక చెల్లెలి చేతిలో అవి యుండియే తీరును. బీరువాలోని నూఱు మాత్రము ఎవరికిని లేనివే. నూటికి పదివంతుల వఱకు ఏటేట పోయిన పుస్తకములను, ఎవరిని అడుగకయే, లెక్కనుండి కొట్టివేయవచ్చునన్న ఒక్క యుత్తరువు వెలువడినచో, వేయి ఉపన్యాసములు చేయలేని మేలు జరుగునని మా నమ్మకము.

ఇది మా సొంత వింత కాదు. తమిళనాట శియ్యాళిలో పుట్టి, 1924 నుండి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును నడపి, తుదకు బెంగుళూరులో స్థిరపడిన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో మొదటిదే, పుస్తకములు వాడుకొనుటకున్నవను భావము. పాఠకుడు తానే అరలయొద్దకు పోయి పుస్తకమును తాకి, తిరుగవేసి, ఎన్నుకొనవలెనని ఆయన పట్టుబట్టిరి. దానివలన కొన్ని పుస్తకములు పోవుటను ఆయన ఎఱుగనివారు కారు. పొందు లాభము ముందు ఆ నష్టము స్వల్పమని వాదించిరి. ఆయన పేరు చెప్పి సభలు జరుపుచు, ఆయన మొదటి సూత్రమును తాళముచెవితో ఖండించుట మనకు తగదు.

తాళము తీసినంతనే పని ముగియదు. పుస్తకము చేతి కందినను చదువు అలవాటు కాకపోవచ్చును. దానికై పాఠశాలలలో కొన్ని కార్యక్రమములు జరుగుచున్నవి. నవంబరు 14 నుండి 20 వఱకు జాతీయ గ్రంథాలయ వారోత్సవము వచ్చును. వ్యాసరచన పోటీ, వక్తృత్వ పోటీ, ప్రశ్నోత్తరముల పోటీ పెట్టుదురు; ముఖ్య అతిథి బహుమతులు పంచును; ఛాయాచిత్రము తీయుదురు. ఈ పోటీల నన్నిటిని మేము కాదనము. కాని బహుమతి యెవనికి వచ్చుచున్నది? ఇంతకుముందే చదువునట్టి పిల్లవానికి. పుస్తకమన్న బెదరు పిల్లవాడు ఆనాడును వెనుకబల్లమీదనే కూర్చుండి చప్పట్లు కొట్టును. గ్రంథాలయ కార్యక్రమము చదువనివానిని చదువరిగా చేయవలెను. చదువరికి పూలదండ వేయుటతో నాగిపోయిన కార్యక్రమము వేడుకయే గాని విద్య కాదు.

అట్టి పని చేయగల కార్యక్రములు చౌకైనవి, ఆడంబరము లేనివి. మొదటిది, గట్టిగా చదివి వినిపించుట. వారమున కొక గంట ఉపాధ్యాయుడు గాని, పైతరగతి విద్యార్థి గాని ఒక కథను చదువవలెను. రసవత్తరమైన తావున ఆపి, పుస్తకమును బల్లమీద పెట్టి పోవలెను. తరువాయి తెలిసికొనుటకు ఆ పుస్తకమును ఎవరు తీసికొందురో వేచిచూచిన చాలును. రెండవది, పిల్లలకే పుస్తకముల బాధ్యత నప్పగించుట. ఐదవ తరగతి పిల్లలు ఇచ్చిపుచ్చుకొనుటల చిట్టా వ్రాయగలరు. తమ తోటివాడు తేవలసిన పుస్తకమును ఉపాధ్యాయునికంటె శ్రద్ధగా అడిగి రప్పింతురు. మూడవది గోడపత్రిక. చదివిన పుస్తకము బాగున్నదో లేదో, ఎందుకో, నాలుగు పంక్తులలో వ్రాసి గోడకు అంటింపవలెను. బాగులేదని వ్రాయుటకు పిల్లలకు స్వేచ్ఛ యుండవలెను. ప్రతి పుస్తకమును పొగడవలసిన బడిలో విమర్శ పుట్టదు, విమర్శ లేనిచోట చదువును పాతుకొనదు. నాలుగవది, చదివిన దానిపై పరీక్ష లేకుండుట. కథ వెంట ప్రశ్నలు, నీతివాక్యము, మార్కులు వచ్చుచున్నవని తెలిసిన పిల్లవాడు కథనుండియే పాఱిపోవును.

ఇక పుస్తకముల సంగతి. బీరువాలలో తఱచు కనబడునవి నీతిబోధలు, జీవితచరిత్రల సంక్షేపములు, పోటీపరీక్షల గైడ్లు. పిల్లవాడు నవ్వుటకు, భయపడుటకు, ఆశ్చర్యపడుటకు తగినవి కొఱవడుచున్నవి. తెలుగువారికి ఈ విషయమున మంచి వారసత్వ మున్నది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను వెలువరించిరి. 1947లో ‘చందమామ’ ఉదయించి, తరువాత కన్నడము మొదలైన అనేక భాషలలోను వెలువడెను. ఆ పత్రిక ఇప్పుడు రాకున్నను, ఒకే బొమ్మ, ఒకే కథ, రెండు భాషలలో రెండిండ్ల పిల్లల చేతిలో నుండగలదని అది నిరూపించినది. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయమందలి పుస్తకములును ఇట్టివే. బొమ్మలు మారవు, భాష మారును. కన్నడ ప్రతిని, తెలుగు ప్రతిని జంటగా ప్రక్కప్రక్కన నుంచినచో సండూరు పిల్లవానికి అంతకంటె మంచి నిఘంటువు దొరకదు.

ఇచ్చటనే సరిహద్దు సీమ విశేషము తేటపడును. తెలుగు లిపియు, కన్నడ లిపియు ఒక తల్లి బిడ్డలు. గ, జ, ద, ప, య, ర, ల వంటి అక్షరముల యాకారము రెండింటను ఇంచుమించుగా నొక్కటే. తలకట్టు తీరు మాత్రము వేఱు. క, త, హ వంటి కొన్నిటిని ప్రత్యేకముగా నేర్చుకొనవలెను. కన్నడము చదువ నేర్చిన పిల్లవానికి తెలుగక్షరములు కొలది దినముల యాట. గ్రంథాలయపు గోడమీద రెండు వర్ణమాలలను ఒకదాని క్రింద నొకటి వ్రాసి, భేదములను పిల్లలచేతనే గుర్తింపజేసినచో, మాస్టరు లేకయే లిపి వచ్చును. రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది నెఱవేరుటకు ఉపాధ్యాయులు కావలెను, తరగతులు కావలెను, పిల్లల సంఖ్య చాలవలెను, వివాదములును వచ్చును. గ్రంథాలయములోని ఒక అరకు ఇవేవియు నక్కఱలేదు. కన్నడము బడిభాషగా నుండవలసినదే; ఆ గౌరవమునకు లోటు రాకుండ, ఇంటిభాష కథల పుస్తకముగా ఆ గదిలో కూర్చుండగలదు. బోధనాభాషా వివాదము తీర్పజాలని చిక్కును గ్రంథాలయము నిశ్శబ్దముగా తీర్పగలదు.

తెలుగునకు మాత్రమే యీ అర కావలెనని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో మా వాదమే కూలును. తండానుండి వచ్చిన పిల్లవాని లంబాడీకి సొంత లిపి లేదు. ఆయా ప్రాంతములలో తెలుగు, కన్నడ, నాగరి లిపులలో దానిని వ్రాయుచున్నారు. గ్రంథాలయపు గంటలో ఒక అవ్వను పిలిచి కథ చెప్పించి, పెద్దపిల్లలచేత కన్నడ లిపిలో వ్రాయించి, కుట్టి, పుస్తకముగా అరలో పెట్టవచ్చును. భౌగోళిక గుర్తింపు పొందిన సండూరు లంబాడీ కుట్టుపని ఆ పుస్తకమునకు అట్టయగుట కంటె అందమేమున్నది? తన యవ్వ కథ బడి బీరువాలో సంఖ్య వేయించుకొని కూర్చున్నదని తెలిసిన పిల్లవాడు ఆ బడిని విడిచిపోవుటకు ఒకటికి రెండుమార్లు ఆలోచించును. ఇనుపరాతికి గిరాకి పెరిగిన కాలమున గనులు పెద్దలనే గాక పిల్లలను గూడ పిలిచిన సీమ యిది. బడి మానిన పిల్లవానికి పాఠములు నిలువవు. చదువు రుచి తగిలియున్నచో అది నిలుచును. ఈ కారణముచేత కథల పుస్తకమును విలాసముగా చూచుట తగదు.

బడి విడిచిన తరువాతను, సెలవులలోను ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము దగ్గఱలోనే యున్నది. 2020లో కర్ణాటక గ్రామీణాభివృద్ధి శాఖవారు ‘ఓదువ బెళకు’ (చదువు వెలుగు) అను కార్యక్రమమును ప్రారంభించి, గ్రామపంచాయతీ గ్రంథాలయములలో పిల్లలను ఉచితముగా సభ్యులుగా చేర్చుకొనిరి. చట్టములు విడదీసిన రెండు గ్రంథాలయములను ఈ యేర్పాటు దగ్గఱకు తెచ్చినది. పాఠశాల వారమున కొకమారు పిల్లలను వరుసగా పంచాయతీ గ్రంథాలయమునకు తీసికొనిపోయినను, అచ్చటి పుస్తకములను బడికి తెప్పించుకొనినను, ఖర్చు లేకయే అరలు రెట్టింపగును.

ఆక్షేపణలు మాకు తెలియును. ఉపాధ్యాయునికి తీరిక లేదందురు. వారమున కొక గంటకు తీరిక కల్పింపలేని పాఠక్రమము ఎవరి మేలునకో ఆలోచింపవలెను. పిల్లలు సెల్ ఫోనుకు మరగినారందురు. ఫోను ఎల్లవేళల చేతికందుచుండగా పుస్తకము తాళములో నున్నప్పుడు, పిల్లవాడు ఫోనునే పట్టుకొనుట వాని దోషము కాదు. కన్నడనాట తెలుగు పుస్తకములేల యని కొందఱడుగుదురు. బళ్లారి రాఘవగారు ఈ జిల్లా కీర్తి. ఆయన తెలుగున, కన్నడమున, ఆంగ్లమున నటించిరి. ఏ భాషయు ఆయనను రెండవ భాషనుండి దొంగిలింపలేదు. పలు భాషల సంపద బళ్లారి సీమకు సహజమైనది. దానిని లోపముగా చూచుటయే క్రొత్త.

తుదకు తెలుగు సంఘములకు ఒక మనవి. ఉగాది నాడు పంచాంగ శ్రవణమును, కవి సమ్మేళనమును, సన్మానములును జరుగవలసినవే. అయితే ఒక శాలువ వెలతో నాలుగైదు పిల్లల పుస్తకములు వచ్చును. ఒక సంఘము సండూరు సీమలో నొక్క బడిని ఎంచుకొని, కన్నడము, తెలుగు జంట ప్రతులుగల నూఱు పుస్తకముల నిచ్చి, పోయిన వానికి బదులు ఏటేట మఱి పదింటిని పంపెదమని వ్రాసియిచ్చినచో, ఆ బడిలోని ఉపాధ్యాయుడు తాళముచెవిని వెతుకవలసిన పని యుండదు. పుస్తకముల నిచ్చు దాతలు కలరు. పుస్తకములు పోవుటకు అనుమతి నిచ్చు దాతలే కావలెను. ఏడాది తిరిగిన పిదప ఆ పుస్తకములను లెక్కించుటకు పోవువారు తెల్లని, నలగని ప్రతులను చూచి సంతోషింపవద్దు. అంచులు నలిగి, అట్టలు వదులై, బెల్లపుచేతి మరకలు పడినవి యెన్నియో అవియే చదువబడినవని లెక్క వ్రాసికొనవలెను.